పింఛను కోసం కట్టిన పెండ్లి బండి

నేను ఇంతవరకు ఒక్కసారే పెళ్లికూతురిలా తయారయ్యాను. పెళ్లికొడుకు లేని పెళ్లి అది. మా నాయన పింఛను కోసం తయారయ్యాను.

నాయన ప్రభుత్వ బడిలో టీచరు. మా వైపు టీచర్లను అయ్యోరు అంటారు. మాది వడమాలపేట దగ్గర. నాయన ఉద్యోగమంతా ఆ చుట్టుపక్కల బడుల్లోనే గడిచింది. ఆయన పరీక్షకు నోటిఫికేషన్ వచ్చిన నాటికి పాత పింఛను ఉండేది. రిటైరైన మనిషికి ఆఖరి జీతంలో సగం, బతికినంతకాలం ప్రభుత్వమే ఇచ్చేది. ఆయన పోయాక భార్యకూ కొంత వచ్చేది. కోర్టు కేసుల వల్ల నియామకాలు ఆలస్యమయ్యాయి. నాయన బడిలో చేరే నాటికి ఆ పద్ధతి పోయి కొత్తది వచ్చింది. అందులో నెలనెలా జీతంలో కోత పడుతుంది, ప్రభుత్వం కూడా కొంత కలుపుతుంది, ఆ డబ్బు మార్కెట్‌లో ఉంటుంది. చివరికి చేతికి ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు. మా అమ్మకు షుగరు. నాయనకు వయసు దాటిపోయే ముందు వచ్చిన ఉద్యోగం కాబట్టి సర్వీసు తక్కువ. నోటిఫికేషన్ పాతది గనుక తనకు పాత పింఛనే ఇవ్వాలని ఆయన వాదన. ఆయనతో పాటు చేరిన వాళ్లందరి వాదనా అదే.

ఇంట్లో ఈ వాదన వినని రోజు ఉండేది కాదు. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, వృద్ధాప్య పింఛను ఒకటో తేదీ పొద్దున్నే ఇంటికి వస్తుంది. ఆ డబ్బులు కొంగున ముడేసుకుంటూ ఆమె నాయన్ని ఎత్తిపొడిచేది.

"నాకు అ, ఆ రావు. నాకు ఇంటికొచ్చి ఇచ్చిపోతాండారు. ఊరి పిలకాయలందరికీ సదువు సెప్పినోనికి లేదంట! ఏం సదివినావురా అబ్బోడా?"

"నీ మాదిరోళ్లు ఊరూరా ఉండారుమా. ప్రతి ఎలక్షన్‌కీ నీ పింఛను పెంచుతామని రెండు పార్టీలూ పోటీ పడతాయి. మేం కొందరమే. మా మాట ఎవురికి కావాల?"

"అయితే నువ్వూ నా మాదిరి ముసిలోడివి అయిపో. ఇస్తారు."

నాయన నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. నాకు చిన్నప్పటి నుంచి మనుషుల్లో మాట్లాడటం చేతకాదు, ఎవరైనా పలకరిస్తే చెవులు వేడెక్కుతాయి. పుస్తకాలూ, డైరీ, బీఈడీ చదువూ, అంతే నా లోకం. ఆ రోజుల డైరీ తిరగేస్తే వాతావరణం రాసినట్టు ప్రతి పేజీలో పింఛను సంగతి ఉంటుంది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఒక పార్టీ, అధికారంలోకి రాగానే పాత పింఛను తెస్తామని చెప్పింది. ఆ రోజు నాయన సంఘం వాళ్లు వీధిలో లడ్లు పంచారు. ఆ పార్టీ గెలిచింది. కమిటీ వేసింది. ఆ కమిటీ చెప్పింది చూడటానికి మంత్రుల కమిటీ, దాని మీద అధికారుల కమిటీ. చివరికి పాతదీ కాకుండా కొత్తదీ కాకుండా మధ్యలో ఇంకొకటి ఇస్తామన్నారు. సంఘాలు ఒప్పుకోలేదు. లడ్లు పంచిన వాళ్లే నల్ల బ్యాడ్జీలు పంచారు.

అప్పట్లోనే తిరుపతిలో ఒక పౌర వేదిక వాళ్లు పింఛను మీద చర్చ పెడితే నాయన నన్ను వెంట తీసుకెళ్లాడు. రిటైరైన ఎకనామిక్స్ లెక్చరరు ఒకాయన, ఉద్యోగుల పింఛన్లకే రాబడి అంతా పోతే బడులు, ఆసుపత్రులు ఎట్లా నడుస్తాయని అడిగాడు. ముప్పై ఏళ్లు పని చేయించుకుని ముసలితనంలో మార్కెట్ దయకు వదిలేయడం ఏ న్యాయమని సంఘం సెక్రటరీ అయ్యోరు అడిగారు. ఆయన నాయన స్నేహితుడు, లెక్కలు చెబుతారు, గొంతు పెద్దది. ఇద్దరికీ చప్పట్లు పడ్డాయి. అప్పుడు వెనక వరుసలో నుంచి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే ఆవిడ లేచి, "మీరిద్దురూ బాగానే సెప్పినారు సార్. నాకు ఎవురిస్తారు?" అంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నిర్వాహకులు టీ విరామం అన్నారు. బస్సులో ఇంటికి వస్తూ నాయన, "ఆయమ్మ అడిగింది సరైన మాట," అన్నాడు.

సంఘాలన్నీ కలిసి రాజధానిలో సభ పెడతామని పిలుపునిచ్చాక మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. సభకు అనుమతి లేదన్నారు. పోలీసులు సంఘం నాయకుల ఇళ్లకు నోటీసులు తెచ్చి ఇచ్చారు. రైళ్లలో, బస్సుల్లో టీచర్లను వెతికి దించేస్తున్నారని ఫోన్లు వచ్చాయి. వెళ్లిన వాళ్ల మీద చర్యలు ఉంటాయని శాఖ నుంచి కూడా కబురు వచ్చింది.

"మెమో ఇచ్చి ఎంక్వైరీ తెగకుండా పెట్టినారంటే రిటైరైన రోజు చేతికి వచ్చేది గూడా నిలబెడతారంట," అంది అమ్మ. "లేనిదాని కోసరం పోయి ఉన్నదాన్ని పోగొట్టుకుంటావా?"

"అందురూ అట్లే అనుకుంటే ఎవురు పోతారు మే?"

"ఎవురో ఒకరు పోతారులే. నీకు రిటైర్మెంటు దగ్గర పడతాంది."

అమ్మ మాటే నా మాట కూడా. పైకి అనలేదు.

పెండ్లి బండి ఆలోచన సెక్రటరీ అయ్యోరిది. పెళ్లిళ్ల కాలం, పెళ్లికూతుర్ని తీసుకుని మగపెళ్లివారి ఊరికి వెళ్లే బండ్లను ఎవరూ ఆపడం లేదు. అట్లా ఒక బండి కడితే పదిహేను మంది దాకా దాటిపోవచ్చు. బండి బంగారుపాళ్యంలో ఉన్న మా మేనమామది. మామిడి కాలంలో దాంట్లో గుజ్జు ఫ్యాక్టరీకి కూలీలను తోలుతాడు, మిగతా రోజుల్లో ఖాళీ. మామ ఫోన్లో అరిచిన అరుపు వంటింటి దాకా వినపడింది.

"మా కాయ రేటు లేక రోడ్డు మీద పోసినా పలకరించే దిక్కు లేదు. మీకు నెలనెలా జీతం, మళ్లా పింఛను గూడా! దానికి నా బండి సీజు కావాల్నా బావా?"

"పెండ్లికి అడిగితే ఇస్తావు కదా?"

"ఎవురి పెండ్లి?"

నాయన నా వైపు చూశాడు. అప్పుడు తెలిసింది నాకు, బండి దొరికింది కానీ పెళ్లికూతురు ఇంకా దొరకలేదని. మిగతా అయ్యోర్ల ఆడపిల్లలు కొందరు చిన్నవాళ్లు, కొందరికి పెళ్లయిపోయింది. నేను కాదనగలిగే దాన్నే. కానీ నేను వెంట ఉంటే నాయన్ని చూసుకుంటానని అమ్మ కాస్త మెత్తబడింది. నేను కూడా అదే అనుకున్నాను. ఏదైనా అయితే నా కళ్ల ముందే అవుతుంది, ఇంట్లో కూర్చుని ఫోను వైపు చూడక్కర్లేదు.

అవ్వ మాత్రం షరతు పెట్టింది. "పట్టుచీర కట్టుకో, పూలు పెట్టుకో. గోరింటాకు మాత్రం పెట్టద్దండి. దొంగ పెండ్లికి గోరింటాకు పెడితే అసలు పెండ్లికి పండుతాదా?" ఆ మాట అమ్మ కూడా కాదనలేదు.

తెల్లవారుజామున బండి కదిలింది. ముందు అరటి పిలకలు, పూల దండలు కట్టారు. లోపల మగ అయ్యోర్లు జరీ పంచెలు కట్టుకుని, ఆడ టీచర్లు ఒళ్లో సారె పళ్లేలు పెట్టుకుని కూర్చున్నారు. మామ స్టీరింగు ముందు కూర్చుని, తనకేమీ సంబంధం లేదన్నట్టు ముఖం పెట్టాడు. సెక్రటరీ అయ్యోరు డ్రైవరు వెనక నిలబడి అందరికీ పాఠం అప్పజెప్పించారు.

"ఒకరినొకరు సార్ అనొద్దు, మేడం అనొద్దు. అన్నా, బావా, చిన్నమ్మా అనాల. తెలిసిందా?"

"తెలిసింది సార్," అన్నారు అందరూ.

మామ అద్దంలో చూసి, "దొరికిపోతాం," అన్నాడు.

రేణిగుంట దాటింది. కాళహస్తి దాటింది. ఒళ్లో చేతులు చెమట పట్టి చీర తడిసింది. నాయన నా పక్కనే కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నా కంటే ఆయనకే ఎక్కువ భయంగా ఉందని మోకాలు ఊపడం చూస్తే తెలుస్తోంది.

నెల్లూరు దారిలో, నాయుడుపేట ఇంకా రాకముందే, ఒకచోట బారికేడ్లు అడ్డం పెట్టి ఉన్నాయి. ఎస్సై బండి చుట్టూ తిరిగి నా కిటికీ దగ్గర ఆగాడు. మనిషి మర్యాదగానే ఉన్నాడు.

"యాడ పెండ్లి?"

"నాయుడుపేట సార్," అన్నాడు మామ.

"పెండ్లికొడుకు ఏం చేస్తాడమ్మా?"

అన్ని ప్రశ్నలకూ జవాబులు తయారు చేసుకున్న అయ్యోర్లు ఆ ఒక్క ప్రశ్న మరిచిపోయారు. పైగా ఆయన అడిగింది నన్ను. నా చెవులు మండాయి. ఆయన భుజం మీద నక్షత్రాలు తప్ప నాకేమీ కనపడలేదు.

"పోలీసు," అన్నాను.

ఎస్సై ముఖం వెలిగింది. "అట్లనా! యాడ పని చేస్తాడు?"

"ట్రైనింగులో ఉండాడు సార్," అన్నాడు మామ వెనక్కి తిరక్కుండా.

"పాపం," అని ఎస్సై నవ్వాడు. "ఒక్క నిమిషం అందరూ దిగండి. లోపల చూసి పంపించేస్తాం. ముహూర్తానికి లేటు చెయ్యములే."

నాకు అప్పటికి ప్రాణం లేచి వచ్చింది. అందరూ దిగారు. కానిస్టేబులు, "కొంచెం పక్కకు రండి," అన్నాడు. ఆయన అన్నది అంతే. మగవాళ్లు ఒక వరుసగా, ఆడవాళ్లు ఒక వరుసగా నిలబడ్డారు. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. మధ్యలో చెయ్యి చాపినంత ఎడం. జరీ పంచె కట్టుకున్న డ్రిల్లు అయ్యోరు వరుస పక్కన నడుస్తూ వేలుతో తలలు లెక్కపెట్టి, ఎస్సై ముందుకు వచ్చి, "అందురూ ఉండారు సార్," అన్నాడు.

సెక్రటరీ అయ్యోరు కళ్లు మూసుకున్నారు.

ఎస్సై కాసేపు ఆ వరుసల్ని చూశాడు. "ఏ బడి సార్ మీది?" అన్నాడు నెమ్మదిగా.

డ్రిల్లు అయ్యోరు లెక్కపెట్టిన వేలు ముడిచి వరుసలోకి జరిగాడు.

"పెండ్లోళ్లు బండి దిగితే ఒకడు టీకి పోతాడు, ఒకడు చెట్టు చాటుకు పోతాడు, ఒకామె బిడ్డ కోసరం కేకలేస్తాది. ఇంత లైనుగా యాడన్నా నిలబడతారా? నేనూ అయ్యోరి కొడుకునే సార్. ఎక్కండి, పోదాం."

మమ్మల్ని తీసుకెళ్లింది స్టేషనుకు కాదు. పట్టుకున్న వాళ్లు ఎక్కువై స్టేషన్లు చాలక కల్యాణ మండపాలు తీసుకున్నారు. మేం వెళ్లేసరికి అక్కడ అప్పటికే చాలామంది టీచర్లు ఉన్నారు. పట్టుచీరలో, పూలజడతో నేను మండపం గుమ్మంలో అడుగుపెట్టగానే ఎవరో చప్పట్లు కొట్టారు, హాలంతా నవ్వింది. వేదిక మీద మొన్నటి పెళ్లి పూలు వాడిపోయి వేలాడుతున్నాయి. వధూవరుల కుర్చీలు రెండూ అక్కడే ఉన్నాయి. నేను ఒక స్తంభం వెనక చాప మీద కూర్చుని పూలు ఒక్కొక్కటే తీసేశాను. ఏడుపు వస్తోంది కానీ అందరి ముందూ ఏడవడం అంతకంటే కష్టం.

లేడీ కానిస్టేబులు ఉప్మా పొట్లం తెచ్చి ఇచ్చింది. నా వయసే ఉంటుంది. నా అరచేతులు చూసి, "గోరింటాకు ఏదిమే? నేను రోడ్డు మీదే కనిపెట్టినా," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "మీరు గెలిస్తే మాకూ వస్తాది. మేం అడిగేదానికి లేదు. మిమ్మల్ని పట్టుకునేదీ మేమే. తిను, చల్లారిపోతాది."

మధ్యాహ్నం దాటాక పేర్లు రాయడం మొదలైంది. పేరు, ఊరు, ఉద్యోగం. ఈ వివరాలు జిల్లా విద్యాశాఖకు వెళ్తాయని ముందే చెప్పారు. వరుసలో నాయన వెనక నేను నిలబడ్డాను. మా వంతు వచ్చేసరికి ఎస్సై తల ఎత్తి నన్నూ నాయన్నీ చూశాడు.

"నువ్వు పెండ్లికూతురి నాయనవు కదా?"

"అవును సార్."

ఎస్సై పెన్ను కింద పెట్టాడు. "రిటైర్మెంటు ఎప్పుడు?"

నాయన చెప్పాడు.

"మా నాయన పాత పింఛను తీసుకుంటా ఉండాడు. నా కంటే నిమ్మళంగా ఉండాడు. ఇప్పుడు నీ మీద రిపోర్టు పోతే అది తెగదు పెద్దాయనా, నాకు తెలుసు. వ్యవసాయం అని రాసుకుంటా. కూతుర్ని పిలుచుకోని ఇంటికి పో."

ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. చెప్పు నాయనా అని మనసులో అరుస్తున్నాను. ఒక్క మాట. అబద్ధం కూడా కాదు, మాకు రెండెకరాల మామిడి ఉంది. అమ్మ ముఖం, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ డబ్బా, రిటైరైన రోజు ఆగిపోయే డబ్బు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. పంచె పట్టుకుని లాగుదామనుకున్నాను. లాగలేదు.

నాయన వెనక్కి తిరిగి చూశాడు. డ్రిల్లు అయ్యోరు, సెక్రటరీ అయ్యోరు, సారె పళ్లెం ఇంకా చేతిలోనే పట్టుకున్న సైన్సు టీచరమ్మ, మా బండిలో వచ్చిన వాళ్లందరూ వరుసలో ఉన్నారు.

"అయ్యోరని రాయండి సార్," అన్నాడు. "ప్రాథమిక పాఠశాల."

ఎస్సై మళ్లీ పెన్ను తీసుకున్నాడు. రాసుకున్నాడు.

పొద్దుగూకాక వదిలేశారు. అరటి పిలకలు వాడిపోయిన బండిలో తిరిగి వస్తుంటే మామే అడిగాడు, "అంత మంచిగా సెప్తే వినకపోతివే బావా?"

"లైన్లో నిలబడి లెక్కలోకి వచ్చినాక, నేను లేనని ఎట్ల సెప్పేది?" అన్నాడు నాయన.

"మీ అయ్యోర్లకు లైను పిచ్చి," అన్నాడు మామ. కాస్త దూరం పోయాక బండి ఆపి అందరికీ టీ ఇప్పించాడు. డబ్బులు తీసుకోనివ్వలేదు.

మెమో వచ్చింది. నాయన సంజాయిషీ రాసి ఇచ్చాడు. దాని మీద ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేదు. మళ్లీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి ఇంకో పార్టీ, అందరికీ నచ్చే పరిష్కారం చూపిస్తామంది. ఎవరూ లడ్లు పంచలేదు కానీ ఓట్లు మాత్రం పంచారని సెక్రటరీ అయ్యోరు అన్నారు. ఆ పార్టీ గెలిచింది. పాత నోటిఫికేషన్‌లో వచ్చిన వాళ్ల వివరాలు పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు నాయన మొదటిసారి బడి నుంచి ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాడు. అమ్మ దేవుడి గూట్లో రెండో దీపం పెట్టింది.

కానీ అప్పటికి జిల్లా రెండుగా విడిపోయింది. నాయన చేరినప్పటి కాగితాలు చిత్తూరులో ఉన్నాయి, మెమో ఫైలు తిరుపతిలో ఉంది. చిత్తూరు ఆఫీసులో, మెమో తేలకుండా పాత పింఛను సంగతి చూడలేమంటారు. తిరుపతి ఆఫీసులో, మీ అసలు ఫైలు చిత్తూరు నుంచి వస్తే మెమో సంగతి చూస్తామంటారు. రెండు ఊళ్లకూ నాయనతో నేనే వెళ్లేదాన్ని. చిత్తూరులో కోర్టు దగ్గర బస్సు దిగి ఆఫీసుకు నడుస్తూ ఆయన ప్రతిసారీ, "ఈసారి అయిపోతాది," అనేవాడు. తిరిగి వచ్చేటప్పుడు కిటికీ పక్క సీటు నాకిచ్చి కళ్లు మూసుకునేవాడు. నిద్రపోలేదని మోకాలు చెప్పేది.

పోయిన నెలాఖరున నాయన రిటైరయ్యాడు. బడిలో శాలువా కప్పారు, పిల్లలు పాట పాడారు. సెక్రటరీ అయ్యోరు మాట్లాడుతూ పెండ్లి బండి సంగతి చెబితే అందరూ నవ్వారు, నన్ను లేచి నిలబడమన్నారు. నిలబడ్డాను. చెవులు మండాయి. ఆ నవ్వుల్లో నాయన కూడా నవ్వాడు. ఆ రోజుకు పాత పింఛను ఫైలు తేలలేదు, మెమో తేలలేదు. కొత్త పింఛను కింద రావలసింది కూడా మెమో తేలేదాకా ఆపమని కాగితం వచ్చింది. అమ్మ భయపడిందే జరిగింది. అమ్మ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది.

మరుసటి రోజు ఒకటో తేదీ. పొద్దున్నే పింఛను ఇవ్వడానికి ఊరి సచివాలయం నుంచి అమ్మాయి వచ్చింది. అవ్వ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఆ అమ్మాయి తెచ్చిన మిషన్ మీద వేలిముద్ర వేసింది. అరిగిపోయిన వేలు, మూడోసారికి గానీ పడలేదు. నాయన ఆ పక్కనే, స్నానం చేసి, అలవాటు కొద్దీ బడికి పోయే చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. ఆ అమ్మాయి డబ్బులు అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ కొంగు ముడి విప్పబోయి ఆగింది. నాయన వైపు చూసింది.

"పాపా," అంది ఆ అమ్మాయితో. "వీడు గూడా నిన్నటి నుంచీ ముసిలోడు అయినాడు. వీడి వేలు గూడా పెట్టి సూడు."

ఆ అమ్మాయి నవ్వాలో వద్దో తెలియక నాయన ముఖం చూసింది. నాయన నిజంగానే బొటనవేలు చాపాడు. అవ్వను నవ్వించడానికే చాపాడని నాకు తెలుసు. అయినా ఆ మిషన్ మీదికి వంగి చూసింది నేనే. లోపలి నుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చిన అమ్మ కూడా చూసింది.

"సార్ పేరు దీంట్లో లేదవ్వా," అంది ఆ అమ్మాయి.

"ఎట్లుంటాది?" అని నాయన లేచాడు. దండెం మీది సంచీ తీసి భుజానికి వేసుకున్నాడు. "చిత్తూరు బస్సుకు టైమయింది. వస్తావా?" అని నన్ను అడిగాడు.

చెప్పులు వేసుకున్నాను.